మూడనే క్షేత్రం

"మనిషిని చూడకుండానే ఖుద్దు అని ఎట్ల రాస్తివప్పా?"

డిటెక్టివ్ నేత్రావతి అడిగింది ఒక్క ప్రశ్నే. తాలూకా ఆఫీసులో కాగితాలు తీసుకునే గుమాస్తా రామప్ప మాత్రం దానికి మూడుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఖుద్దు అంటే మనిషి తానే వచ్చి చేతికిచ్చాడని. రిజిస్టర్లో ఆ మాట రామప్ప చేతిరాతలోనే ఉంది. గోడ గడియారం పన్నెండు ఇరవై చూపిస్తోంది.

"కాలమ్ ఖాళీగా పెట్టేదానికి రాదు మేడమ్. పోస్టు అనల్ల, లేదంటే ఖుద్దు అనల్ల. పోస్టులో రాలేదు. అందుకే ఖుద్దు."

"అయితే అదే నడుచుకుంటా వచ్చి నీ టేబులెక్కిందా?"

"నేను టీకి పోయింటి మేడమ్. వచ్చి చూస్తే పేపర్‌వెయిట్ కింద ఉండె. సోమవారం పదకొండు పదికి సీలు ఏసినా. అంతే నాకు తెల్సింది."

"సంతకం ఎవురిదని చూడలేదా?"

"ఆంజినప్ప అని ఉండె కదా."

"ఆంజినప్ప అని నేనూ రాయగలను, నువ్వూ రాయగలవు."

రామప్ప నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. నేత్రావతికి ఒళ్ళు మండిపోయింది. దొంగతనం చేసినవాణ్ణయినా క్షమించొచ్చు గానీ, కాలమ్ ఖాళీగా ఉండకూడదని ఒక ఊరి గొంతు కోసినవాణ్ణి ఏమనాలి? ఆమె ఆ ఉపసంహరణ పత్రాన్ని, దాని పక్కనే ఉన్న అసలు తకరారు అర్జీని, అంటే మొదట పెట్టిన అభ్యంతరాన్ని, ఫోన్లో ఫోటోలు తీసుకుని బయటికొచ్చింది.

వరండా గోడమీద కొత్త మ్యాపు అతికించి ఉంది. తాలూకా పంచాయతీ క్షేత్రాలకి, అంటే నియోజకవర్గాలకి, గీసిన కొత్త సరిహద్దులు. ఆమె దాని ముందు నిలబడి వేలితో ఆ గీత వెంట నడిచింది. సుంకలమ్మకొట్టాల కూలిజనం ఊరు. రెండువేల నూరు ఓట్లు. చుట్టూ ఉన్న నాలుగు చిన్న పల్లెలతో కలిసి ఇన్నాళ్ళూ అదే మూడో నంబరు క్షేత్రం. రెండుసార్లు వాళ్ళలో ఒకణ్ణే గెలిపించుకున్నారు. నీళ్ళట్యాంకు వచ్చింది, శ్మశానానికి దారి వచ్చింది, సగం ఇళ్ళకి హక్కుపత్రాలు వచ్చాయి. మిగతా సగం ఇంకా రావాలి.

కొత్త గీత కాలవ గట్టు వెంట తిన్నగా వచ్చి, ఏ వాగూ ఏ రోడ్డూ అడ్డం లేనిచోట ఊళ్ళోకి తిరిగి, నడివీధిని రెండుగా చీల్చుకుంటూ పోయింది. ఊరు మూడు ముక్కలు. ఒక్కో ముక్కని ఒక్కో పెద్ద ఊరికి కట్టేశారు. ఏడొందల ఓట్లని తొమ్మిదివేల ఓట్లలో కలిపితే ఏట్లో చింతపండు పిసికినట్టే. ఇక ఆ ఊరినుంచి ఎవడూ గెలవడు, ఆ ఊరి మాట ఎవడూ ఎత్తడు. మళ్ళీ గీతలు గీసేదాకా ఎన్నేళ్ళో దేవుడికెరుక.

గడువు లోపల దీన్ని కాదన్నవాడు ఒకే ఒక్కడు, ఆంజినప్ప. చెరుకు నరికే కూలి, పీయూసీ దాకా చదివినవాడు. సోమవారం పొద్దున ఆరుంబావుకి మోపెడ్ మీద ఇల్లు వదిలినవాడు మళ్ళీ రాలేదు. అదే రోజు పదకొండు పదికి అతని తకరారు వాపసు తీసుకుంటున్నట్టు ఈ కాగితం ఆఫీసులో మొలిచింది. ఈరోజు బుధవారం. సాయంత్రం నాలుగింటికి విచారణ. తకరారే లేదు కాబట్టి ఐదింటికల్లా ఫైలు కట్టేసి పైకి పంపిస్తారు.

నిన్న బళ్ళారిలో నేత్రావతి ఆఫీసు గుమ్మం ముందు కూలబడి ఏడ్చింది యంకమ్మ, ఆంజినప్ప భార్య. ఆమె అడిగింది కూడా ఒక్కటే: "నా మొగుణ్ణి తెచ్చియ్యక్కా."

ఒంటిగంట నలభైకి నేత్రావతి కాలవ గట్టు మీద ఉంది. తుమ్మచెట్టు కింద ఆంజినప్ప మోపెడ్ రెండ్రోజుల దుమ్ము కప్పుకుని నిలబడి ఉంది. పోలీసులు దాన్ని స్టేషనుకి కూడా తీసుకుపోలేదు. ఆధారాల మీద వాళ్ళకున్న గౌరవం అదీ. నీరుగంటి యల్లప్ప, అంటే కాలవ నీళ్ళు వదిలే ముసలాయన, పార భుజాన వేసుకుని పక్కన నిలబడ్డాడు. సోమవారం ఏడింటికి బండిని మొదట చూసింది ఆయనే.

"నువ్వు ముట్టినావా యల్లప్పన్నా?"

"లేదమ్మా. ఎట్లుండె అట్లే ఉండాది."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. బండి సెంటర్ స్టాండు మీద నిటారుగా ఉంది. పెట్రోలు ట్యాపు కట్టేసి ఉంది. తాళంచెవి లేదు. వెనక క్యారియర్‌కి ఉన్న రబ్బరు ట్యూబు వదులుగా వేలాడకుండా, లాగి మళ్ళీ కొక్కేనికి తగిలించి ఉంది.

"ఇంట్లోంచి పోయేటప్పుడు ఈ ట్యూబు కింద ఫైలు పెట్టుకున్నాడని యంకమ్మ చెప్పింది," అని తనలో తాను అనుకున్నట్టే పైకి అంది. "ఇప్పుడు ఫైలు లేదు. గుంజుకున్నవాడు ట్యూబు మళ్ళీ తగిలిస్తాడా? చచ్చేదానికి పోయేటోడు ట్యాపు కట్టేసి, బండికి తాళమేసుకుని పోతాడా? తాపీగా నిలబెట్టినాడు, ఫైలు తీసుకున్నాడు, ఇంకో బండి ఎక్కినాడు. తెలిసిన మనిషి, నమ్మిన మనిషి."

జీపు వచ్చి ఆగింది. దిగినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మౌనేష్. పన్నెండేళ్ళ కిందట పోలీసుశాఖలో ఆమె చేతికింద పని నేర్చుకున్నవాడు. పని మరిచిపోయి, నడక మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

"నమస్కారం అక్కా. రిటైరైనా బూట్లు ఇప్పలేదు నువ్వు."

"నేను రిటైర్ కాలేదు మౌనేష్. రాజీనామా ఇచ్చినా. రెండికీ తేడా నీకు తెలిసింటే బాగుంటుండె."

"సరే ఇడువక్కా. దీంట్లో వెతికేదేముండాది? తాగింటాడు, కాలవలో పడింటాడు. రేపో ఎల్లుండో తూము కాడ తేల్తాడు."

"ఎప్పుడు పడినాడు?"

"సోమవారం పొద్దున. ఆరున్నరా, ఏడా ఆ టైములో."

నేత్రావతి ముసలాయన వైపు తిరిగింది. "యల్లప్పన్నా, కాలవకి నీళ్ళు ఎప్పుడు ఇడిస్తివి?"

"సోమవారం మద్యాన్నం ఒంటిగంటకమ్మా. దానికి ముందు పదైదు దినాలు ఎండిపోయుండె. మేకలు దాంట్లోనే నడుచుకుంటా పోతాండె."

"ఎండిన కాలవలో మునిగిన మనిషిని నువ్వు చూసినావా మౌనేష్? ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేనయితే చూళ్ళేదు."

మౌనేష్ మెడ ఎర్రబడింది. యల్లప్పని అక్కడినుంచి పొమ్మని చేత్తో సైగ చేసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఊరికే దీన్ని పెద్దది చేస్తాండావు. గీత ఈడ గీస్తే ఏమి, ఆడ గీస్తే ఏమి? ఊరు ఊరే, మనుషులు మనుషులే. ఎవుడో ఒకడు గెలుస్తాడు."

"నీ ఇంటి నడిమధ్యలో గీత గీసి, వంటిల్లు పక్కింటోనికి, నీళ్ళుపోసుకునే బచ్చలు ఎదురింటోనికి రాసిచ్చి, ఇల్లు ఇల్లే కదప్పా అంటే ఊరుకుంటావా?"

"అది వేరే, ఇది వేరే."

"అవును. ఆడుంటే నీ ఇల్లు. ఈడుండేది కూలోళ్ళ ఊరు."

మౌనేష్ బూటుతో మట్టి గీకాడు. తర్వాత, పాత రోజుల్లో తప్పు చేసి దొరికిపోయినప్పుడు పెట్టే మొహమే పెట్టి, "ఏదన్నా గట్టిది దొరికితే మొదలు నాకు ఫోన్ చెయ్యక్కా. ఇద్దర్ని పంపిస్తా. నేనూ కొట్టాల లాంటి ఊర్లో పుట్టినోణ్ణే," అన్నాడు. ఆ ఆఖరి మాట అనేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. నేత్రావతికి అతని మీద అసహ్యం పోలేదు గానీ, మనిషిలో ఇంకా రవ్వంత సిగ్గు మిగిలుందేమోనని అనిపించింది.

ఊళ్ళోకి పోయే ఆటోలో ఆమె ఫోన్ తీసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. రెండూ కన్నడంలోనే. ఆంజినప్ప అసలు అర్జీలో క్షేత్రం మాట తొమ్మిదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లూ 'మూరనే క్షేత్ర' అనే ఉంది. కన్నడంలో మూడుని మూరు అంటారు కదా. వాపసు పత్రంలో మాత్రం ఆ మాట ఒక్కసారే వచ్చింది. అక్కడ 'మూడనే క్షేత్ర' అని ఉంది.

ఆమె ఆ అక్షరాన్ని పెద్దది చేసి చూసింది. కన్నడంలో మూడు అంటే తూర్పు దిక్కు. అంకె కాదు. ఈ జిల్లాలో తెలుగువాళ్ళందరూ ఇంట్లో మూడనే లెక్కపెడతారు. కానీ అక్షరాలు నేర్చింది కన్నడం బడిలో. పెన్ను పట్టుకుంటే చెయ్యి తనంతట తానే మూరు అని రాస్తుంది. పెన్ను పట్టుకుని కూడా మూడు అని రాసే చెయ్యి తెలుగు బడిలో దిద్దిన చెయ్యి.

ఆ అనుమానంతో తలకట్లు చూసింది. మొదటి రెండు వరుసల్లో తలకట్లు కన్నడం పద్ధతిలో అడ్డంగీతల్లా ఒద్దికగా ఉన్నాయి. మూడో వరుసకి రాసేవాళ్ళ జాగ్రత్త సడలింది. తలకట్లన్నీ తెలుగు టిక్కుల్లా పైకి లేచాయి. ఆంజినప్ప రాసింది కాదు, ఆ గుమాస్తా రాసింది కాదు. సరిహద్దుకి అవతలి ఆంధ్రాలో చదువుకుని, తర్వాతెప్పుడో కన్నడం రాయడం నేర్చుకున్నవాళ్ళ చెయ్యి. అలాంటి మనిషి కొట్టాలలో ఎవరో ఆమెకి అప్పుడే తట్టింది. తట్టకపోయినా బాగుండుననుకుంది.

రెండు యాభైకి యంకమ్మ ఇంటి ముందు ఆటో దిగింది. కొత్త గీత ప్రకారం ఆ ఇల్లు ఒక క్షేత్రంలో, ఎదురుగా ఉన్న బోరింగు ఇంకో క్షేత్రంలో ఉంటాయి. యంకమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"దొరికినాడాక్కా?"

"కూర్చో. నీ పుట్టిల్లు యాడ యంకమ్మా?"

"ఆలూరు కాడక్కా. ఎందుకు?"

"ఎంతవరకు చదివినావు?"

"ఏడు. ఆడ తెలుగు బడే."

"మరి కన్నడం?"

"ఈడికొచ్చినంక పొదుపు సంఘం పుస్తకం రాసీ రాసీ..." యంకమ్మ నోరు అక్కడే ఆగిపోయింది.

నేత్రావతి ఫోన్ ఆమె ముందు పెట్టింది. అరవలేదు, తిట్టలేదు. మూడనే అన్న మాట మీద వేలు పెట్టింది, అంతే. యంకమ్మ ఆ వేలు వైపు చాలాసేపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వు ఆయన్ని వెతుకుతావనుకుంటిని గాని, కాగితం వెతుకుతావనుకోలేదక్కా."

"ఎవురు రాయించినారు?"

"సోమవారం తొమ్మిదింటికి చిదానందప్ప వచ్చినాడు."

నేత్రావతి ఊహించనిది ఈ ఒక్క పేరే. చిదానంద ఈ ఊరి మనిషి. రెండుసార్లు వీళ్ళ ఓట్లతో గెలిచిన సభ్యుడు. ట్యాంకు మీద ఆయన పేరే రాసి ఉంది. పాత క్షేత్రం ఈసారి ఆడవాళ్ళ రిజర్వేషన్‌కి పోతుందని వినపడుతోంది. ఊరు ముక్కలైతే ఒక ముక్క చేరే పెద్ద ఊళ్ళో ఆయనకి టికెట్టు ఖాయమట. కంచే చేను మేయడమంటే ఇదే.

"మ్యాపు పెద్ద సాహేబ్రుకి చూపిద్దాం రా అని ఆయప్పే పిలిచినాడంట. కారెక్కించుకొని పోయినాడు," అంది యంకమ్మ. "తొమ్మిదింటికి ఫోన్లో వీడియో చూపించినాడు. మా ఆయన కూర్చోనుండాడు, నోరు కట్టేసుండాది. ఈ కాగితం రాసిస్తే బుధవారం ఐదింటికి ఇంటికొస్తాడు, నోరు తెరిస్తే రాడు అన్నాడు. నేను రాసిచ్చినా. ఆయప్పే తీసుకుపోయినాడు. రేతిరంతా నమ్మకం రాక నీ కాడికొచ్చినా."

"వీడియోలో వెనకాల ఏముండె?"

"పెద్ద ఇనుప బాన. బెల్లం కాంచేది."

చిదానందకి దొడ్డహాళు దారిలో మూతపడిన బెల్లం గానుగ ఒకటుంది. తాలూకా ఆఫీసుకి సరిగ్గా ఎదురు దిక్కున, పదిహేను మైళ్ళు. నేత్రావతి వాచీ చూసుకుంది. మూడు ఐదు. రెండు చోట్లా తానే ఉండటం కుదరదు.

"యంకమ్మా, నిన్ను మాట్లాడమని నేను చెప్పను. కానీ ఒకటి ఆలోచించు. తీసుకుపోయినోని మొహం నీ మొగుడు చూసినాడు. పని అయిపోయినంక అట్లాంటి మనిషిని చిదానంద ఇంటికి పంపిస్తాడా?"

యంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. బయట ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు.

"నేను రాసిన దాన్ని నేనే చించుతా," అంది చివరికి. "ఆయన వచ్చి అడిగితే ఏం జవాబు చెప్పల్ల? ఊరిని అమ్మి నిన్ను కొన్నానని చెప్పల్లా? కానీ నేను నోరు తెరిచేలోపల పోలీసులు ఆడుండల్లక్కా. మాట ఇయ్యి."

"ఇస్తాండా."

నేత్రావతి వీధిలోకి పోయి మౌనేష్‌కి ఫోన్ చేసింది. గానుగ చెప్పింది, కారు సంగతి చెప్పింది, కాగితం ఎవరు రాశారో చెప్పింది, నాలుగింటికి యంకమ్మ ఏం చేయబోతోందో చెప్పింది. అవతల మౌనేష్ అన్నీ విని, "ఇప్పుడే బయల్దేరుతాండా అక్కా," అన్నాడు. అప్పటికి మూడు పది.

నాలుగింటికి విచారణ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మనుషులు తిరగడం లేదు. అధికారి టేబుల్ వెనక కూర్చుని ఫైలు తిప్పుతున్నాడు. ముందు వరుసలో చిదానంద తెల్లచొక్కా వేసుకుని, యంకమ్మని చూసి ఆప్యాయంగా తల పంకించాడు. ఊళ్ళో పెళ్ళికి ఎదురుపడినట్టే.

"మూడనే..." అధికారి కళ్ళు చిట్లించి, "మూరనే క్షేత్రానికి వచ్చిన ఒక్క తకరారు వాపసయింది. ఇక వినేదేమీ లేదు," అన్నాడు.

"ఉండాది సార్."

యంకమ్మ లేచింది.

"ఆ వాపసు కాగితం రాసింది నేను. మా ఆయన సంతకం పెట్టింది నేను. మా ఆయన్ని పట్టుకుపోయి నాతో రాయించినారు. రాయించింది ఆయప్ప." వేలు చిదానంద మీద నిలిచింది. "మా తకరారు ఉండాది. మా ఊరిని కొయ్యొద్దు."

హాలంతా ఒక్కసారిగా గుసగుసలు. నేత్రావతి చిదానంద మొహమే చూస్తోంది. రక్తం దిగిపోతుందనుకుంది, లేచి అరుస్తాడనుకుంది. అతను నిదానంగా లేచి రెండు చేతులూ జోడించాడు.

"మా చెల్లెలు నిజం చెప్పింది సార్. కాగితం ఫోర్జరీయే. నన్నెందుకు ఇరికిస్తాందో ఆ దేవునికే తెల్సు. నేనూ ఆ మాట చెప్పేదానికే వచ్చినా." జేబులోంచి మడత కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. "పోలీసు రిపోర్టు. ఈమెకి మొగుని సంతకం చెయ్యడం అలవాటంట. వాపసు కాగితం దొంగదైతే అసలు తకరారు నిజమని ఎట్ల నమ్మేది? రెండూ కొట్టెయ్యల్ల సార్. ఆంజినప్పే వచ్చి నాదే అంటే అప్పుడు చూద్దాం."

అధికారి రిపోర్టు చదివి, రెండు అర్జీలూ తిప్పి చూసి, నుదురు రుద్దుకున్నాడు.

"సరే. ఐదింటి లోపల ఆంజినప్ప స్వయంగా నా ముందుకొచ్చి సంతకం చేస్తే తకరారు నిలుస్తుంది. లేకుంటే రెండూ రద్దు. గీత ఖాయం."

నేత్రావతి టేబుల్ దగ్గరికి పోయి ఆ రిపోర్టు చూసింది. అడుగున మౌనేష్ సంతకం. స్టేషను సీలు. సీలు పక్కన టైము మూడున్నర.

గానుగకి బయల్దేరినవాడు మూడున్నరకి స్టేషన్లో కూర్చుని సీలు వేశాడు. ఎవరూ పోలేదు. చిదానందకి ఈ కాగితం ఎవరు రాసిచ్చారో, ఎవరు చెప్పగా రాశారో ఆమెకి ఇక వేరే ఆధారం అక్కర్లేదు. ఇంతసేపూ ఆంజినప్ప ప్రాణంతో ఉండటం చిదానందకి అవసరం. ఈ నిమిషంనుంచి ఐదింటిదాకా అదొక్కటే అతనికి అడ్డం. ఆ అడ్డం ఎక్కడుందో, ఎవరికి తెలిసిందో అన్నీ తన నోటితో తానే వాళ్ళకి చేరవేసింది. తనమీద తనకే ఉమ్మేయాలనిపించింది.

చిదానంద ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరికో "ఆఁ, అయింది, ఇంగ ఆలస్యం చెయ్యొద్దు," అంటూ మెట్లు దిగుతున్నాడు. నేత్రావతి అతని వెనక పరుగెత్తబోయింది. యంకమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, ఈడ నేను నోరు తెరుస్తానని ముందే నీకూ నాకూ తప్ప ఇంగెవరికి తెల్సక్కా?"

బయట కారు స్టార్టయిన శబ్దం వినిపించింది. అప్పుడు టైము నాలుగు ఇరవై.